తిరగని రేడియేటరు ఫ్యాను : ఒక కార్యకారణ విచారణ

ప్రాచీనులు కాకతాళీయ న్యాయమని ఒక పోలికను చెప్పి ఉంచారు. కాకి వచ్చి తాటిచెట్టుపై వాలింది. అదే క్షణాన తాటిపండు రాలింది. కాకి వాలినందువల్లనే పండు రాలిందని చూచినవాడు నమ్మాడు. ఆ పండు అప్పటికే పండి, తొడిమ వీడి ఉన్నదేమో అని అతడు విచారించలేదు. తరగతిలో ఈ న్యాయాన్ని వివరించినప్పుడు విద్యార్థులు నవ్వుతారు. కాని మన నిత్యజీవితంలోని నిర్ణయాలలో ఎన్ని ఇట్టి కాకిని నమ్ముకొని చేసినవో లెక్కించుకుంటే ఆ నవ్వు ఎంతోసేపు నిలవదు.

ఉర్దూలో తహ్‌కీక్ అనే మాట ఉన్నది. హక్, అనగా సత్యం, అనే మాటకు మూలమైన అరబ్బీ ధాతువు నుంచే అదీ పుట్టింది. ఒక సంగతిని విని ఊరుకొనక, అది నిజమో కాదో విచారించి తేల్చుకొనడం దాని భావం. కాకతాళీయానికి విరుగుడు తహ్‌కీక్. ఈ రెండింటి భేదాన్ని పుస్తకంలోని ఉదాహరణతో గాక, గత వేసవిలో నేను కన్నులారా చూచిన ఒక చిన్న యంత్రపు వ్యవహారంతో వివరించాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాను. తెలుగు బోధించేవానికి రేడియేటరు ఫ్యానుతో ఏమి పని అని కొందరు అడగవచ్చు. మన కళాశాలలో చదివేవారిలో పలువురి తండ్రులు, అన్నలు వాహనాలు నడుపుతూనో, బాగు చేస్తూనో ఈ పిల్లలను చదివిస్తున్నారు. వారి బ్రతుకుతో ముడిపడిన విషయాన్ని వారి భాషలో చెప్పలేకపోతే భాష బోధించి ప్రయోజనమేమి?

సమస్య ఎదురైన విధం

మార్చి నెలలో ఒంటిపూట బడులు మొదలైన తర్వాత బి.ఎస్‌సి. రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు నా వద్దకు వచ్చి, పరీక్ష రుసుము చెల్లించడానికి గడువు ఇప్పించమని అడిగాడు. చురుకైనవాడు, ఎన్నడూ ఏదీ అడిగినవాడు కాడు. కారణం చెప్పమంటే చాలాసేపు నేల చూపులు చూచి, "వ్యాను మింగేసింది సార్" అన్నాడు.

అతని తండ్రి ఒక పాత వ్యానులో బడిపిల్లలను చేరవేస్తాడు. మధ్యాహ్నం ఎండలో పిల్లలను ఎక్కించుకొని వచ్చేటప్పుడు రైల్వే గేటు వద్ద నిలిస్తే చాలు, ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీతకు చేరుతున్నది. ఒకటి రెండుసార్లు ఆవిరి ఎగసింది. పిల్లలను దింపి చెట్టునీడన కూర్చోబెట్టవలసి వచ్చింది. రేడియేటరు ఫ్యాను తిరగడం లేదు.

బాగు చేయించడానికి ప్రయత్నించలేదా అంటే, చేసిన ప్రయత్నాల జాబితా పెద్దదే. మొదట ఫ్యాను మోటారు మార్చారు. పది రోజులు బాగా తిరిగి మరల ఆగింది. కొత్త మోటారు నాసిరకమని తేల్చారు. తర్వాత రేడియేటరును విప్పి కడిగించారు. రెండు వారాలు నడిచి మరల ఆగింది. తర్వాత థర్మో స్విచ్చి మార్చారు. ఫలితం లేదు. పిమ్మట థర్మోస్టాటును తీసివేశారు. గేటు వద్ద ఆవిరి ఆగలేదు. ఇక ఇంజను హెడ్డు విప్పక తప్పదని చెప్పారు. ఆ ఖర్చును తలచుకొనే కొడుకు పరీక్ష రుసుము డబ్బు పక్కన పెట్టారు.

ఆ జాబితా వింటున్నప్పుడు నా దృష్టి ఒక చోట ఆగింది. మోటారు మార్చగానే ఫ్యాను తిరిగింది. రేడియేటరు కడగగానే తిరిగింది. ఈ రెండూ వేరు వేరు పనులు. రెండింటికీ ఒకే ఫలితం ఎట్లు కలిగింది? తాటిపండు రెండుసార్లు రాలింది. రెండుసార్లూ వేర్వేరు కాకులు వాలాయి. అట్లయితే రెండుసార్లూ చెట్టు వద్ద జరిగిన మరొక సమాన విషయమేదో ఉండాలి. ఆదివారం భౌతికశాస్త్ర విభాగపు మిత్రుని వద్ద ఒక మల్టీమీటరు తీసుకొని, ఆ విద్యార్థితో కలిసి వారి ఇంటికి వెళ్ళాను. మరమ్మతులు చేసిన ఉస్తాద్ గారిని కూడ రప్పించుకొన్నాము.

ఫ్యాను చేసే పని

ఏది ఎందుకు ఉన్నదో తెలియనిదే అది ఎందుకు చెడినదో తెలియదు. పెట్రోలు ఇంజనులో ఇంధనపు శక్తిలో నాలుగవ వంతు నుంచి మూడవ వంతు వరకు మాత్రమే చక్రాలను తిప్పే పనిగా మారుతుంది. మిగిలినది ఉష్ణం. అందులో చాలా భాగం పొగగొట్టం ద్వారా పోగా, దాదాపు ఇంజను చేసే పనికి సమానమైనంత ఉష్ణాన్ని సిలిండర్ల చుట్టూ ప్రవహించే కూలెంటు గ్రహిస్తుంది. పంపు ఆ ద్రవాన్ని రేడియేటరుకు పంపుతుంది. అక్కడ సన్నని గొట్టాలలో పారుతూ, వాటి మధ్య వీచే గాలికి తన వేడిని ఇచ్చి అది ఇంజనుకు తిరిగి వస్తుంది.

ఇంజనుకు, రేడియేటరుకు మధ్య థర్మోస్టాటు అనే కవాటం ఉన్నది. ఇంజను చల్లగా ఉన్నంతసేపు అది మూసుకొని ఉండి, సాధారణంగా 80 నుంచి 90 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య తెరచుకొనడం మొదలుపెడుతుంది. రేడియేటరు మూతలోని స్ప్రింగు ద్రవాన్ని పీడనంలో ఉంచుతుంది. ఆ పీడనం వల్ల నీరు 100 డిగ్రీల వద్ద గాక, దాదాపు 118, 120 డిగ్రీల వద్ద మరుగుతుంది. వేడి ఇంజను మూత తీయరాదని చెప్పడానికి కారణం ఇదే. మూత తీసిన క్షణంలో పీడనం పడిపోయి, 100 డిగ్రీలు దాటిన ద్రవమంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

వాహనం వేగంగా పోవునప్పుడు ఎదురుగాలియే రేడియేటరును చల్లబరుస్తుంది. నిలిచి ఉన్నప్పుడు, నెమ్మదిగా కదులునప్పుడు ఆ గాలి ఉండదు. అప్పుడు గాలిని లాగవలసిన బాధ్యత ఫ్యానుది. అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని వంటి కార్లలో ఇంజనే బెల్టుతో ఫ్యానును తిప్పేది. ఇంజను తిరిగినంతసేపు ఫ్యాను తిరిగేది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కారులో ఇంజనును అడ్డంగా అమర్చారు. 1984లో వచ్చి, తరువాత ఓమ్నిగా పేరు మారి, 2019 వరకు తయారైన మారుతి వ్యానులో 796 ఘన సెంటీమీటర్ల మూడు సిలిండర్ల ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. ఇట్టి అమరికలలో బెల్టుతో ఫ్యానును తిప్పడం కష్టం. కావున విద్యుత్ మోటారు వచ్చింది. అవసరమైనప్పుడు మాత్రమే తిరుగుతుంది గనుక ఇంధనమూ ఆదా అవుతుంది. కాని బెల్టు తెగితే కంటికి కనబడుతుంది. విద్యుత్తు ఎక్కడ ఆగినదో కంటికి కనబడదు. విచారించి తెలుసుకోవాలి.

మొదటి ప్రశ్న : దోషం ఫ్యానుదేనా?

ఫ్యాను తిరగనంత మాత్రాన ఫ్యాను చెడినదని అనుకోరాదు. తిరగవలసిన అవసరం దానికి తెలియకపోయి ఉండవచ్చు. ఇందుకు మూడు పరిశీలనలు చాలు.

ఒకటి : వేడి ఎప్పుడు పెరుగుతున్నది? నిలిచినప్పుడు పెరిగి, రోడ్డుపై వేగం అందుకొనగానే తగ్గితే గాలి చాలడం లేదని, అనగా ఫ్యానును అనుమానించవచ్చునని అర్థం. వేగంగా పోవునప్పుడే, ఎత్తు ఎక్కునప్పుడే పెరిగితే రేడియేటరు పూడిపోవడం, పంపు, థర్మోస్టాటు, హెడ్ గ్యాస్కెట్టు వంటివాటిని ముందుగా చూడాలి.

రెండు : కూలెంటు నిండుగా ఉన్నదా? ఇంజను పూర్తిగా చల్లారిన తర్వాతనే మూత తీసి చూడాలి. ద్రవం తగ్గి, లోపల గాలి చేరితే థర్మో స్విచ్చి చుట్టూ ద్రవానికి బదులు గాలి ఉంటుంది. గాలి స్విచ్చిని సరిగా వేడెక్కించదు. ఇంజను మరిగిపోతున్నా స్విచ్చి తన పని తాను చేయలేక ఊరుకుంటుంది. ఫ్యాను నిర్దోషి, స్విచ్చి నిర్దోషి. కారుతున్న హోజు పైపుది దోషం.

మూడు : ఇంజను వేడెక్కినప్పుడు రేడియేటరు కూడ వేడెక్కినదా? ఇంజను కాగిపోతూ రేడియేటరు చల్లగా ఉంటే థర్మోస్టాటు తెరచుకోలేదని గాని, పంపు ద్రవాన్ని తోయడం లేదని గాని అనుమానించాలి. రేడియేటరుకే స్విచ్చి అమర్చిన వాహనాలలో ఇట్టి స్థితిలో ఫ్యాను తిరగకపోవడమే న్యాయం.

మా విద్యార్థి తండ్రి చెప్పినదాని ప్రకారం వేడి గేటు వద్దనే పెరుగుతున్నది. బైపాసు రోడ్డు ఎక్కగానే తగ్గుతున్నది. కూలెంటు నిండుగా ఉన్నది. రేడియేటరు చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నది. అందువల్ల ఫ్యాను వలయమే మా విచారణకు విషయమైంది. ఇంజను హెడ్డు విప్పవలసిన హేతువు ఏదీ అంతవరకు కనబడలేదు.

వలయాన్ని కాగితంపై గీయడం

పద్యం అర్థం కానప్పుడు కవిని నిందించక అన్వయం వ్రాయమని విద్యార్థులకు చెబుతాను. క్రియ ఏది? చేసినవాడెవడు? దేనిని? అని ఒక్కొక్క పదాన్ని అడిగితే ఎక్కడ తెగినదో తెలుస్తుంది. విద్యుత్ వలయానికీ ఇట్టి అన్వయమే కావాలి. ఆ వ్యాను వైరింగు అప్పటికే పలువురి చేతులు దాటి ఉన్నందున, ఒక్కొక్క తీగను వెంబడించి విద్యార్థి చేత గీయించాను. తేలినది ఇది.

బ్యాటరీ ధనధ్రువం నుంచి కరెంటు ఫ్యూజుకు, అక్కడి నుంచి రిలేకు, రిలే నుంచి కప్లరు ద్వారా మోటారుకు వెళుతుంది. మోటారు నుంచి మరొక తీగ వాహనపు ఇనుప శరీరానికి బిగించబడి ఉన్నది. ఆ శరీరం ద్వారా కరెంటు బ్యాటరీ ఋణధ్రువానికి తిరిగి చేరుతుంది. దీనినే ఎర్తు అంటున్నారు. ఇది పెద్ద వలయం.

రెండవది చిన్న వలయం. థర్మో స్విచ్చి ద్రవం వేడిని గ్రహించి, సాధారణంగా 90 నుంచి 100 డిగ్రీల మధ్య నిర్ణీతమైన ఒక ఉష్ణోగ్రత వద్ద మూసుకుంటుంది. అప్పుడు రిలేలోని తీగచుట్టలో స్వల్పమైన కరెంటు ప్రవహించి, అది అయస్కాంతమై, పెద్ద వలయపు తలుపును మూస్తుంది. అనగా స్విచ్చి ఆజ్ఞ ఇస్తుంది, రిలే దానిని అమలు పరుస్తుంది. కొన్ని పాత వాహనాలలో రిలే లేక, స్విచ్చే మోటారు కరెంటును మోస్తుంది. ఇంధన ఇంజెక్షను గల తర్వాతి వాహనాలలో స్విచ్చికి బదులు ఉష్ణోగ్రత సెన్సారు, కంప్యూటరు ఉంటాయి. ఏ వాహనమైనా ముందు దాని వలయాన్ని తెలుసుకున్న తర్వాతనే చేయి పెట్టాలి.

పరీక్షల క్రమం

పరీక్షకు ముందు జాగ్రత్త ఒకటి ఉన్నది. కొన్ని వాహనాలలో తాళంచెవి తీసినప్పటికీ ఫ్యాను హఠాత్తుగా తిరుగుతుంది. రెక్కల మధ్య చేయి పెట్టవలసి వస్తే బ్యాటరీ ఋణధ్రువపు తీగను ముందు తీసివేయాలి.

మొదటి పరీక్ష : రెక్కను చేతితో తిప్పి చూడాలి. తేలికగా తిరగాలి. బిగుసుకొని ఉంటే బేరింగు పట్టినదో, మధ్య ఏదైనా చిక్కుకొన్నదో చూడాలి.

రెండవ పరీక్ష : ఫ్యూజు. కంటికి బాగుగా కనబడినా మీటరుతో చూడాలి. కాలి ఉంటే అదే విలువ గల ఫ్యూజు వేయాలి. అది కూడ కాలితే మోటారు పట్టుకొని ఉన్నదని గాని, తీగ ఎక్కడో శరీరానికి తగులుతున్నదని గాని గ్రహించాలి.

మూడవ పరీక్ష : మోటారు. కప్లరు విప్పి, బ్యాటరీ నుంచి రెండు వేరే తీగలతో, వాటిలో ధన తీగకు ఒక ఫ్యూజు పెట్టి, మోటారుకు నేరుగా కరెంటు ఇవ్వాలి. తిరగకపోతే దోషం మోటారుదే. మోటారు వీపుపై స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టినప్పుడు తిరిగితే లోపలి కార్బన్ బ్రష్షులు అరిగినవని అనుకోవచ్చు. అట్టి మోటారు ఇంటికి చేర్చగలదే గాని మరునాడు నమ్మదగినది కాదు. నేరుగా ఇచ్చినప్పుడు చక్కగా తిరిగితే మోటారును వదలివేసి ముందుకు సాగాలి.

నాలుగవ పరీక్ష : థర్మో స్విచ్చి. తాళంచెవి తిప్పి ఉంచి, స్విచ్చి కప్లరు తీసి, రెండు తీగల స్విచ్చి అయితే ఆ రెండింటినీ కలపాలి. స్విచ్చికి వచ్చేది ఒకే తీగ అయి, స్విచ్చి దానిని శరీరానికి కలిపే రకమైతే ఆ తీగను ఎర్తుకు తాకించాలి. ఫ్యాను తిరిగితే మిగిలిన వలయమంతా క్షేమం, స్విచ్చి గాని దానికి చేరవలసిన వేడి గాని లోపం. కంప్యూటరు గల వాహనాలలో మాత్రం సెన్సారు తీగలను ఈ విధంగా కలపరాదు. వాటిలో చాలావరకు సెన్సారు కప్లరు తీసివేస్తే కంప్యూటరు ముందుజాగ్రత్తగా తానే ఫ్యానును తిప్పుతుంది. ఎయిర్ కండిషను ఉన్న వాహనమైతే దానిని వేసి చూడడం మరొక సులభ పరీక్ష. చాలా వాహనాలలో అప్పుడు ఇంజను వేడితో నిమిత్తం లేకుండ ఫ్యాను తిరగాలి.

ఐదవ పరీక్ష : రిలే. సాధారణ రిలేలకు 30, 85, 86, 87 అనే అంకెలు ఉంటాయి. 85, 86 చుట్ట కొసలు. 30, 87 పెద్ద వలయపు తలుపు. అదే రకపు రిలే వాహనంలో మరొకటి ఉంటే మార్చి చూడడం సులువు. టిక్కుమని శబ్దం వచ్చినంత మాత్రాన రిలే మంచిదని తీర్పు చెప్పరాదు. చుట్ట పని చేసినదని మాత్రమే ఆ శబ్దానికి అర్థం. లోపలి స్పర్శలు కాలిపోయి ఉంటే తలుపు మూసినట్లే ఉండి కరెంటు దాటదు.

ఆరవ పరీక్ష : మిగిలిన తీగలు, కలయికలు, ఎర్తు. సాధారణంగా అందరూ దీనిని చివరకు వదలివేస్తారు. అచ్చటనే మా కథ మలుపు తిరిగింది.

మీటరు చెప్పినది, మేము అడిగినది

మా పరీక్షలో రెక్క తేలికగా తిరిగింది. ఫ్యూజు మంచిది. మోటారు నేరుగా ఇస్తే జోరుగా తిరిగింది. తీసివేసి మూలన పడవేసిన పాత మోటారు కూడ తిరిగింది! స్విచ్చి తీగలు కలిపితే రిలే టిక్కుమన్నది. ఫ్యాను మాత్రం కదలలేదు. రిలే మార్చినా కదలలేదు. అప్పుడు విద్యార్థి మోటారు కప్లరు విప్పి, మోటారుకు కరెంటు అందవలసిన రెండు కొసల మధ్య మీటరు పెట్టాడు. 12.4 వోల్టులు చూపింది. ఉస్తాద్ గారి టెస్ట్ ల్యాంపు కూడ బాగా వెలిగింది.

విద్యార్థి తికమకపడ్డాడు. మోటారు మంచిది. మోటారు దగ్గరకు 12 వోల్టులు వస్తున్నవి. అయినా తిరగదు. "ఇదిగో సాబ్, ఇక్కడే మా అకల్ ఆగిపోతుంది" అన్నారు ఉస్తాద్ గారు.

ఓమ్ సూత్రం ఇంటర్మీడియట్‌లో అందరూ చదివినదే. 1827లో ఆయన ప్రకటించిన ఆ సూత్రం ఇక్కడ పనికి వచ్చింది. తిరుగుతున్న మోటారు 8 ఆంపియర్లు తీసుకుంటుందని అనుకుందాం. 12ను 8తో భాగిస్తే 1.5. కావున స్థూలంగా దానిని 1.5 ఓముల నిరోధంగా భావించవచ్చు. వలయంలో ఎక్కడో తుప్పు పట్టిన ఒక కలయిక 3 ఓముల నిరోధం చూపుతున్నదనుకుందాం. మొత్తం 4.5 ఓములు. 12 వోల్టులు ఈ రెండింటి మధ్య వాటి నిష్పత్తిలో పంచుకోబడతాయి. తుప్పుకు 8 వోల్టులు, మోటారుకు 4 వోల్టులు. తిరగక నిలిచిన మోటారు నిరోధం ఇంకా తక్కువ కాబట్టి దాని వాటా ఇంకా తగ్గుతుంది. అది కదలదు.

ఇప్పుడు మోటారు స్థానంలో 3 వాట్ల చిన్న బల్బు పెట్టండి. దాని నిరోధం వెలుగునప్పుడు 48 ఓములు. తుప్పుతో కలిపి 51. బల్బుకు 11.3 వోల్టులు అందుతాయి. నిండుగా వెలుగుతుంది. ఇక డిజిటల్ మీటరు నిరోధం సాధారణంగా కోటి ఓములు. దాని ముందు 3 ఓములు లెక్కలోనికే రావు. కావున అది పూర్తి వోల్టేజిని చూపుతుంది. మీటరు అబద్ధం చెప్పలేదు. కరెంటు ప్రవహించనప్పుడు వోల్టేజి ఎంత అని మేము అడిగాము, దానికి సరియైన జవాబే ఇచ్చింది. మేము అడగవలసిన ప్రశ్న వేరు. భారం మోస్తున్నప్పుడు వోల్టేజి ఎక్కడ పోతున్నది?

కప్లరును మరల కలిపి, స్విచ్చి తీగలు కలిపి ఉంచి, అనగా మోటారు తిరగడానికి ప్రయత్నిస్తుండగా, మరల కొలిచాము. బ్యాటరీ ధనధ్రువం నుంచి మోటారు ధన కొస వరకు పోయినది 0.2 వోల్టు. అది అనుమతించదగినదే. మోటారు రెండు కొసల మధ్య 3 వోల్టులైనా లేవు. మోటారు ఋణ కొస నుంచి బ్యాటరీ ఋణధ్రువం వరకు 9 వోల్టులకు పైగా! ఆరోగ్యకరమైన వలయంలో అక్కడ అర వోల్టుకు మించరాదు. దోషి ఎర్తు.

ఆ తీగను వెంబడించగా, దాని కొసన ఉన్న లగ్గు రేడియేటరును పట్టి ఉంచే ఒక బోల్టు కింద బిగించి ఉన్నది. రంగు, తుప్పు, మట్టి కలిసి అట్ట కట్టి ఉన్నవి. మోటారు మార్చినప్పుడు ఆ బోల్టును విప్పారు, మరల బిగించారు. రేడియేటరు కడిగినప్పుడూ అంతే. బిగించునప్పుడు కలిగిన రాపిడికి కొంత తుప్పు గీసుకుపోయి, కొద్ది రోజులు కరెంటు దాటింది. థర్మో స్విచ్చి మార్చినప్పుడు, థర్మోస్టాటు తీసినప్పుడు ఆ బోల్టు జోలికి ఎవరూ పోలేదు. అందుకే అప్పుడు ఫలితం లేదు. పండు రాలడానికి కారణం తెలిసింది.

గరుకు కాగితంతో లోహం మెరిసేవరకు రుద్ది, కొత్త లగ్గు వేసి, బిగించి, తేమ చేరకుండ పైన గ్రీజు పూశారు ఉస్తాద్ గారు. మరల కొలిస్తే 0.1 వోల్టు. ఫ్యాను తిరిగింది. తర్వాత థర్మోస్టాటును యథాస్థానంలో పెట్టించాము. ఇంజనును ఎండలో నిలిపి అరగంట నడిపాము. ముల్లు మధ్య గీత దాటలేదు.

కొన్ని అడ్డదారులు

ఈ సందర్భంలో వాడుకలో ఉన్న కొన్ని అలవాట్లను గురించి హెచ్చరించడం అవసరం.

థర్మోస్టాటును తీసివేయడం మొదటిది. అది లేని ఇంజను వేడెక్కవలసినంత త్వరగా వేడెక్కదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. సిలిండర్లు త్వరగా అరుగుతాయి. నిలిచిన బండికి గాలిని మాత్రం అది తేలేదు.

ఫ్యూజుకు బదులు రాగి తీగ చుట్టడం రెండవది. ఫ్యూజు తాను కాలి తీగలను కాపాడడానికి ఉన్నది. దానిని కాలకుండ చేస్తే తీగలే కాలుతాయి. పిల్లలను మోసే బండిలో ఈ పని క్షమించరానిది.

ఫ్యానుకు నేరుగా తీగ లాగి డ్యాష్‌బోర్డుపై ఒక స్విచ్చి పెట్టడం మూడవది. ఇంటికి చేరడానికి ఒక పూట ఉపాయంగా, సరియైన ఫ్యూజుతో చేస్తే తప్పు లేదు. దానిని శాశ్వతం చేస్తే, డ్రైవరు ఒకనాడు వేయడం మరచిపోతాడు. ఇంజను ఆ ఒక్క రోజుకే చెడుతుంది. ఇటువంటి ఇంజనులలో హెడ్డు సాధారణంగా అల్యూమినియంతో చేసినది. మితిమీరిన వేడికి అది వంగుతుంది, గ్యాస్కెట్టు పోతుంది. కొద్దిపాటి మరమ్మతు పెద్ద ఖర్చుగా మారేది ఇట్లే.

దారిలో ముల్లు ఎర్రగీత చేరితే చేయవలసినది ఇది. నీడన ఆపి, ఇంజను ఆపి, ప్రయాణికులను దూరంగా దింపాలి. మూత తీయరాదు. కాగిన ఇంజనుపై చన్నీళ్ళు పోయరాదు. పూర్తిగా చల్లారేవరకు ఓపిక పట్టాలి. హీటరు ఉన్న బండి అయితే, ముల్లు పైకి పోతుండగానే దానిని పూర్తిగా వేస్తే కొంత వేడి అటు మళ్ళుతుంది. ఆపుకొనే చోటు చేరడానికి అది పనికివస్తుంది.

ముగింపు

ఉస్తాద్ గారి లోపాన్ని ఎత్తి చూపడానికి ఈ వ్యాసం వ్రాయలేదు. ముప్పది ఏండ్లుగా వారి చేతులు, చెవులు నేర్చిన విద్య మాకు లేదు. మోటారు తిరుగుతున్నప్పటి శబ్దం విని, బేరింగు ఇంకా ఎంతకాలం వస్తుందో వారు చెప్పగలరు. నాకు గాని, నా విద్యార్థికి గాని అది తెలియదు. వారికి లేనిది ఒక్కటే. బోల్టు వద్ద 9 వోల్టులు పోవడమంటే ఏమిటో వారికి ఎవరూ వారి భాషలో చెప్పలేదు. మా విద్యార్థికి ఆ లెక్క మూడేళ్ళుగా తెలుసు. పరీక్షలో వ్రాసి మార్కులు కూడ తెచ్చుకున్నాడు. తన ఇంటి ముందు నిలిచిన వ్యానుకు అది వర్తిస్తుందని అతనికి తోచలేదు. ఇందులో అతని తప్పు కంటె మా బోధనలోని తప్పే ఎక్కువ.

విద్యార్థి మిత్రులారా! మీ ఇండ్లలో, మీ వీధులలో ఇట్టి ఉస్తాద్‌లు ఉన్నారు. సెలవులలో వారి వద్ద కూర్చోండి. మీరు చదివిన సూత్రాలను వారి పనిముట్ల పక్కన పెట్టి చూడండి. ఒక భాగాన్ని మార్చే ముందు అది చెడినదని ఋజువు చేయండి. బాగైన తర్వాత కూడ, ఎందువల్ల బాగైనదో చెప్పగలరేమో మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. కళాశాల కమిటీ వారికి కూడ ఒక మనవి. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక పాత వాహనపు ఫ్యాను, రిలే, స్విచ్చి, బ్యాటరీలను ఒక పలకపై అమర్చి, తుప్పు పట్టిన కలయిక ఒకటి అందులో చేర్చి ఉంచితే, ఓమ్ సూత్రాన్ని మా పిల్లలు మరచిపోరు. దానికి కావలసిన పాత సామాను ఉచితంగా ఇస్తామని ఉస్తాద్ గారు అప్పుడే మాట ఇచ్చారు.

పైన వ్రాసిన ఆరు పరీక్షలను ఆ విద్యార్థి ఒక అట్టపై తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి వారి షెడ్డు గోడకు తగిలించాడు. పరీక్ష రుసుము గడువులోపలనే చెల్లించాడు.